అమెరికాలో భూమి కొన్నాక: ఈక్విప్ మేలా, సీఆర్‌పీ మేలా?

టెక్సాస్‌లోనో జార్జియాలోనో సిటీకి దూరంగా పాతికెకరాలు కొన్న మనవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. రిజిస్ట్రేషన్ అయ్యీ కాకముందే అడిగే మాట ఒకటే: "గవర్నమెంటు నుంచి ఏమైనా వస్తుందా?" వస్తుంది. కాకపోతే పథకాల పేర్లు పట్టుకుని వెతికితే తల తిరుగుతుంది. ఆ నేలలో సాగు చేస్తారా, పంట ఆపి గడ్డికో చెట్లకో వదిలేస్తారా అన్నది ముందు తేల్చుకోండి. సాగుకైతే ఈక్విప్, వదిలేయడానికైతే సీఆర్‌పీ. రెండూ అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) పథకాలే.

ఈక్విప్ 1996 ఫార్మ్ బిల్లుతో (వ్యవసాయ చట్టంతో) వచ్చింది. చూసేది ఆ శాఖలో నేల, నీటి సంరక్షణ విభాగమైన ఎన్‌ఆర్‌సీఎస్. కంచె, పశువులకు నీళ్ల పైపులైను, డ్రిప్, కవర్ క్రాప్ (నేలను కప్పి కాపాడే పంట) లాంటి పనుల ఖర్చులో వాటా ఇస్తుంది. గోంగూర, బెండ, వంకాయ పండించి ఇండియన్ స్టోర్లకు వేద్దామనుకునేవారికి పనికొచ్చేది హై టన్నెల్. పైపుల చట్రం మీద ప్లాస్టిక్ కప్పి, లోపల నేలలోనే పంట వేస్తారు. చలికి ముందూ వెనకా కొన్ని వారాలు కలిసొస్తాయి.

సాధారణంగా ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. సాగు మొదలుపెట్టి పదేళ్లు దాటని కొత్త రైతుకు 90 శాతం దాకా రావచ్చు, అందులో సగం ముందే అడిగి తీసుకోవచ్చు కూడా. అయితే లెక్క మీ బిల్లును చూసి వేయరు, వాళ్ల రేటు పట్టిక ప్రకారం వేస్తారు. మీరు ఖరీదైన కిట్ కొంటే పై తేడా మీ జేబులోంచే. ఇంకో మెలిక: కాంట్రాక్టు మీద సంతకాలు కాకముందే పని మొదలుపెడితే ఆ పనికి డబ్బు రానట్టే. దరఖాస్తు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు. కానీ ర్యాంకింగ్‌లో పోటీ ఉంటుంది కాబట్టి వస్తుందన్న గ్యారంటీ లేదు.

సీఆర్‌పీ ఇంకా పాతది, 1985 నాటిది. ఇది అదే శాఖలోని ఇంకో విభాగం, ఎఫ్‌ఎస్‌ఏ చేతిలో ఉంటుంది. పంట ఆపి గడ్డో చెట్లో పెంచితే 10 నుంచి 15 ఏళ్లు ఏటా కౌలులాగా డబ్బు ఇస్తారు. కూర్చుని తినొచ్చు అనుకుంటారు గానీ, కలుపు చూసుకోవడం, గడ్డి నిలబెట్టడం మీ పనే. కొన్న ఏడాది లోపు మామూలుగా చేర్చుకోరు. జనరల్ సైనప్ అనే మామూలు చేరికకైతే ఆ నేలలో గతంలో పంట వేసిన రికార్డు కావాలి. పాత పచ్చికబయలైతే గ్రాస్‌ల్యాండ్స్ పేరుతో వేరే దారి ఉంది. మధ్యలో మనసు మార్చుకుంటే అప్పటిదాకా తీసుకున్నదంతా వడ్డీతో కట్టాలి, పైన జరిమానా. నాలుగేళ్లలో ప్లాట్లు వేసి అమ్ముదామన్న ఆలోచన ఉంటే అటు చూడకపోవడమే మంచిది. కొనబోయే భూమి మీద ఇప్పటికే సీఆర్‌పీ కాంట్రాక్టు ఉందేమో కూడా అమ్మేవారిని అడగండి.

నన్నడిగితే, పది ఇరవై ఎకరాలు కొని వారాంతాల్లో చేతులు మట్టి చేసుకునేవారికి ఈక్విప్పే. కాన్సస్‌లో వందెకరాల గోధుమ భూమి కొని డాలస్‌లో ఉద్యోగం చేసుకునేవారికి సీఆర్‌పీ గురించి అడగడంలో అర్థం ఉంది. సీఎస్‌పీ అని మూడోది కూడా ఉంది. అది ఇప్పటికే నేలను బాగా చూసుకుంటున్నవారికి ఐదేళ్ల కాంట్రాక్టు. కొత్తవాళ్లు తొందరపడక్కర్లేదు.

ఏదైనా మొదలయ్యేది మీ కౌంటీకి పనిచేసే యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్లోనే. చాలాచోట్ల ఎఫ్‌ఎస్‌ఏ, ఎన్‌ఆర్‌సీఎస్ ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు ఎఫ్‌ఎస్‌ఏ దగ్గర ఫార్మ్ నంబరు (వాళ్ల రికార్డుల్లో మీ పొలానికిచ్చే నంబరు) తీసుకోవాలి. డీడ్, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) ఉంటే దాని కాగితాలు పట్టుకెళ్లండి. పై నుంచి తీసిన ఫొటో మీద మీ పొలం గట్లు గీసి చూపిస్తారు. గీత తప్పుంటే అప్పుడే చెప్పాలి. ఏడీ-1026 అనే ఫారం మీద సంతకం అంటే చిత్తడి నేలను పంట కోసం పూడ్చనని, కోతకు గురయ్యే నేలను పద్ధతి లేకుండా దున్ననని ఒప్పుకోవడం. ఆదాయ పరిమితి మామూలుగా మూడేళ్ల సగటున 9 లక్షల డాలర్లు. దరఖాస్తుకు ఫీజు లేదు. ఇప్పిస్తానని ముందే డబ్బు అడిగేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

గ్రీన్‌కార్డు రాకుండా, హెచ్‌1బీ మీద ఉండి వ్యవసాయ భూమి కొన్నవారికి ఇంకో పని ఉంది. విదేశీయులు వ్యవసాయ భూమి కొన్నట్టు తెలిపే ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం కొన్న 90 రోజుల్లో ఇవ్వాలి. చాలా చిన్న కమతాలకు మినహాయింపు ఉంది, అది మీకు వర్తిస్తుందో లేదో అక్కడే అడగండి. ఇవ్వకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో పావు వంతు దాకా వెళ్లొచ్చు. సబ్సిడీ సంగతి తర్వాత, ముందు ఈ కాగితం.