తలంటు స్నానానికి అనువైన గది: ఏళ్ల వాడకం తర్వాత

హైదరాబాదులోని మా ఇంట్లో స్నానాల గదిని తిరిగి కట్టించేటప్పుడు మేస్త్రీతో మొదట చెప్పిన మాట ఒక్కటే: డెబ్బై దాటిన అమ్మ ఆదివారం పూట ఒంటికి నువ్వుల నూనె పట్టించుకుని, హడావుడి లేకుండా కూర్చుని తలంటుకోగలగాలి. ఏళ్ల తరబడి వాడాక చూస్తే, ఇంటిల్లిపాదికీ ఆ గదిలో హాయినిస్తున్నవన్నీ ఆ అవసరం కోసం చేయించినవే.

అన్నిటికంటే ఎక్కువ సుఖమిస్తున్నది గోడవారగా కట్టించిన అరుగు. 45 సెంటీమీటర్ల ఎత్తున ఇటుకలతో కట్టి, పైన పాలిష్ లేని, తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ గ్రానైట్ పలక వేసి, అంచులు గుండ్రంగా అరగదీయించాము. పలకను ముందువైపు కొద్దిగా వాల్చడం వల్ల దానిపై నీరు నిలవదు. పక్కనే గోడకు బిగించిన స్టీలు కడ్డీని పట్టుకుని అమ్మ ఎవరి సాయమూ లేకుండా లేస్తుంది.

నూనె, నలుగుపిండి, కుంకుడు రసం కలిస్తే ఎంత మంచి నేలైనా జారుతుంది. అందుకే గరుకు టైల్స్ వేయించి, మీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున వాటం పెట్టించాము. అయితే ఆ గరుకులో నలుగుపిండి చేరుతుంది కాబట్టి వారానికొకసారి బ్రష్‌తో రుద్దక తప్పదు, నీరు బయటికి పోయే చోట ఉన్న జాలీ తీసి శుభ్రం చేయకపోతే నీరు పోవడం మందగిస్తుంది.

తల మీద వానలా నీళ్లు పడే పెద్ద రెయిన్ షవర్ పెట్టుకోకపోవడం సరైన నిర్ణయమని ఇప్పటికీ నా అభిప్రాయం. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి దాదాపు ఒక బార్ పీడనం ఉంటుంది. మేడ మీది ట్యాంకు షవర్ కంటే మూడు మీటర్లే ఎత్తులో ఉంటే అందులో మూడో వంతు కూడా రాదు, దాంతో అంత పెద్ద షవర్‌కు ధార చాలదు. పంపు పెడితే ధార వస్తుంది గానీ, ప్రశాంతత కోరి కట్టుకున్న గదిలో ఆ మోత భరించాలి. బకెట్టు, చెంబు, ఒక హ్యాండ్ షవర్ మాకు చాలు.

గాలి విషయంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే సరిపోదు, లోపలికి గాలి వచ్చే దారి కూడా ఉండాలి. తలుపు కింద రెండు సెంటీమీటర్ల సందు వదిలించాము. స్నానం తర్వాత కాసేపు ఫ్యాన్ నడిపితే నేల త్వరగా ఆరుతుంది, ముక్కిపోయిన వాసన రాదు. వెలుతురుకు 2700 కెల్విన్ (దీపపు రంగును తెలిపే కొలత) పసుపు దీపాన్ని, అద్దం దగ్గర తెల్లదీపాన్ని వేర్వేరు స్విచ్‌లతో పెట్టాము.

అసంతృప్తి కలిగించినవి నలుపు రంగు కుళాయిలు మాత్రమే. బోరు నీటి ఉప్పు వాటిపై తెల్లగా పేరుకుని ఎంత తుడిచినా మళ్లీ తేలుతుంది. అలాంటి నీరున్న ఇళ్లలో క్రోమ్ కుళాయిలే మేలు.