పాత రాలీకి బీబీ కప్పు కొనేవాళ్ళకి: త్రెడ్డు లెక్కపెట్టకుండా డబ్బు వేయొద్దు

చిత్తూరు వైపు పాత సైకిల్ సామాను అమ్మే ఒకాయన గురించి ఇది. పేరు రాయను. పాత రాలీలు, హెర్క్యులెస్‌లు బాగు చేసుకునేవాళ్ళకి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. బీబీ అంటే బాటమ్ బ్రాకెట్, ఫ్రేములో పెడళ్ళ యాక్సిలు తిరిగే గొట్టం దగ్గరి సామాను. ఆ గొట్టానికి రెండు పక్కలా మర (త్రెడ్డు) తిప్పి బిగించేవే కప్పులు, యాక్సిలు వాటిలో గుండ్ల మీద తిరుగుతుంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీ ఫ్రేముకి బీబీ యాక్సిలూ ఎడమ కప్పూ కావాలని అడిగితే, విడిగా ఇయ్యను, చైన్‌వీల్‌తో కలిపి సెట్టుగా తీసుకోవాల్సిందే అన్నాడు. 2,800 రూపాయలు. ఫోన్‌పేలో వేసినాను, పార్సిలు తిరుపతికి వచ్చింది. నిన్న సాయంత్రానికల్లా ఫ్రేము బీబీ గొట్టంలో ఎడమ పక్క రెండు మూడు చుట్ల త్రెడ్డు కోసుకుపోయింది. డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఆ ఫ్రేము ఎక్కడ దొరుకుతుంది?

డబ్బు వేయకముందు నేను అడిగింది ఒక్కటే. "అన్నా, కప్పు 26 త్రెడ్డేనా?" అని. "దానిమింద కొంగ బొమ్మ ఉండాది చూడు నా, ఇంకేం కావాల" అన్నాడు. కొంగ రాలీ కంపెనీ గుర్తు. ఫోటోలో చైన్‌వీల్ మీది మూడు కొంగలూ ఎండకు మెరుస్తా ఉన్నాయి. కప్పు మాత్రం గోనెసంచి మడతలో, నీడలో ఉంది. చైన్‌వీల్ నిజంగా ఒరిజినలే, దాంట్లో వంక లేదు. కప్పు మామూలు బజారు కప్పు. నేను అడిగింది త్రెడ్డు, ఆయన చెప్పింది బొమ్మ. అది అక్కడే పట్టుకోవాల్సింది నేను. పట్టుకోలేదు.

ఈ తేడా తెలియనివాళ్ళకి చెప్తాను. మామూలు ఇంగ్లీషు కొలత కప్పుకి అంగుళానికి 24 చుట్లు. నాటింగ్‌హామ్ పాత రాలీకి 26. కప్పు లావు రెండింటికీ దాదాపు ఒకటే, కాబట్టి కంటికి తేడా దొరకదు. పెట్టి తిప్పితే ఒకటిన్నర, రెండు చుట్లు చేత్తోనే ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుంటుంది. ఒక్కో చుట్టుకీ 0.08 మిల్లీమీటరు చొప్పున తేడా పెరుగుతూ పోయి, ఆరో చుట్టుకి అర చుట్టు తేడా వచ్చేస్తుంది. అంటే కప్పు గట్టు నేరుగా గొట్టం లోపలి గట్టు మీద ఎక్కి కూర్చుంటుంది. అక్కడ స్పానరు వేసి తిప్పితే ఏదో ఒకటి తెగాల్సిందే. కప్పు గట్టిపరిచిన ఉక్కు. గొట్టం మెత్తన. తెగేది ఎప్పుడూ ఫ్రేమే.

నిన్న సైకిల్ షాపులో కప్పు రెండో చుట్టు దగ్గర ఆగిపోగానే అమ్మినాయనకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టినాను. మెకానిక్ కూడా వింటా ఉన్నాడు. "ఆయిల్ ఏసి పెద్ద పానా పెట్టి తిప్పమను నా. పాత ఫ్రేము, తుప్పు పట్టింటాది. త్రెడ్డు దానంతటదే తీసుకుంటాది" అన్నాడు. మెకానిక్ నా మొహం చూసినాడు. నేను తలూపినాను. ఇరవై ఏళ్ళుగా ఈ సామానే అమ్మే మనిషి చెప్తా ఉంటే నమ్మినాను. సగం చుట్టు తిరిగేసరికి కర్రుమని చప్పుడు, కప్పు గాళ్ళలోంచి సన్నటి ఇనుప పొట్టు, కొత్త లోహం తళతళా. తుప్పైతే ఎర్రగా రావాలి. తెల్లగా వచ్చిందంటే కోసుకుపోతా ఉందని. కప్పు బయటికి తీసి మళ్ళీ ఫోన్ చేస్తే, "నీ ఫ్రేమే సేన్‌రాలీ అయ్యుంటాది, తెలీకుండా కొని నామింద పడితే ఎట్ల?" అన్నాడు. సేన్‌రాలీ అంటే మన దేశంలో తయారైన రాలీ. ఫ్రేము ఫోటోలు అన్నీ చూసి, "నాటింగ్‌హామ్‌దే, బాగుంది" అని మెచ్చుకున్న మనిషి! ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

ఇది సరుకు తెలియక జరిగింది కాదు. 24, 26 తేడా ఆయనకి నాకన్నా బాగా తెలుసు.

పార్సిల్లో మిగతా సరుకూ అట్లే ఉంది. యాక్సిలుకి కొత్త గ్రీజు దట్టంగా పూసి పంపినాడు. కిరోసిన్‌తో తుడిస్తే గుండ్లు తిరిగే దారిలో కుడి పక్క గుంటలు, గోరు పెట్టి లాగితే తగిలేంత లోతు. పావు అంగుళం గుండ్లు పక్కకి 11 లెక్కన 22 ఉండాలి, 19 వచ్చినాయి. క్రాంకుని (పెడల్ ఉండే చెయ్యిని) యాక్సిలుకి బిగించే కాటర్ పిన్నులు 9 మిల్లీమీటర్లవి. ఇంగ్లీషు క్రాంకుకి 9.5 కావాలి. సన్నపిన్ను వేస్తే మరీ లోపలికి జారిపోతుంది, నట్టు ఎంత బిగించినా క్రాంకు ఊగుతుంది, నాలుగు రోజుల్లో యాక్సిల్ మీది పలక అరిగిపోతుంది.

కొనేముందు కప్పు పక్కన స్కేలు పెట్టి ఫోటో అడగండి. అర అంగుళంలో 12 చుట్లుంటే మామూలుది, 13 ఉంటే రాలీది. మీ పాత కప్పు పారేయకుండా ఉంచుకోండి. కొత్తదాన్నీ పాతదాన్నీ త్రెడ్డుకి త్రెడ్డు ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చాలు, కలవకపోతే మధ్యలోంచి వెలుతురు కనబడుతుంది. అర నిమిషం పని. కుడి కప్పు బాగుంటే దాన్ని అసలు కదపొద్దు, గుడ్డతో లోపల తుడిస్తే సరి. తీయక తప్పదంటే అది ఎదురు త్రెడ్డని గుర్తుంచుకోండి, మామూలుగా విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుస్తుంది. కప్పు చివరిదాకా వేళ్ళతోనే ఎక్కాలి. మధ్యలో స్పానరు అవసరం పడిందంటే, ఎవరు ఏం చెప్పినా ఆపేయండి.

త్రెడ్డు కొంచెమే దెబ్బతింటే ఒక దారి ఉంది. పనికిరాని పాత 26 కప్పు తీసుకుని, త్రెడ్డుకి అడ్డంగా మూడు నాలుగు చోట్ల గాడి కోయండి. గట్టి ఉక్కు, ఆకురాయి జారిపోతుంది, గ్రైండరు సన్నచక్రం కావాలి. ఆయిల్ వేసి, వంకర లేకుండా నెమ్మదిగా తిప్పండి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పొట్టు తుడుస్తా ఉండాలి. నాది లోపల ఇంకా ఆరేడు చుట్లు బాగానే ఉన్నాయి, ఆదివారం ఇదే చేసి చూస్తాను. లేత్ షాపులో 24కి మళ్ళీ త్రెడ్డు కొట్టించమని సలహా ఇచ్చారు కానీ, ఉన్న 26 మీద కొడితే పట్టు సగం పోతుంది, నాకు ఇష్టం లేదు.

చిత్తూరు ఇక్కడికి 70 కిలోమీటర్లే. పాత కప్పు జేబులో వేసుకుని పొద్దున బస్సెక్కి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

గుంటలు లేని 26 త్రెడ్డు ఎడమ కప్పు, అది కదలకుండా బిగించే లాక్‌రింగు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. నేనే వచ్చి, ఆనించి చూసి, అక్కడే డబ్బు ఇస్తాను.