మకీటా 9237సీబీ రోటరీ పాలిషర్: ముదురు రంగు కార్లు ఉన్నవాళ్ల కోసం

నల్ల కారు నీడలో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఎండలోకి తీస్తే మాత్రం బానెట్ మీద సూర్యుడు పడ్డచోట సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. ఇవే స్విర్ల్ మార్క్స్. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డతో వరసపెట్టి కార్లన్నీ తుడిచేస్తారు కదా, ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుకే చాలావరకు ఈ పని చేస్తుంది. తుడిచే మనిషిని అని లాభం లేదు, మనమిచ్చే నెల జీతానికి అంతకంటే ఏం చేస్తాడు పాపం.

బయట చేసే రబ్బింగ్ పాలిష్‌లో చాలాసార్లు గీతలు పోవు, మైనం, నూనెలు వాటిలో నిండి కనపడకుండా ఉంటాయంతే, నాలుగు వాష్‌లయ్యాక మళ్లీ తేలతాయి. నిజంగా పోవాలంటే క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరని, గీత లోతు దాకా అరగదీయాలి. ఆ పని ఈ మకీటా మెషీన్ భలే చేస్తుంది. 1200 వాట్లు, బరువు మూడు కిలోల దాకా, స్పీడు 600 నుంచి 3000 ఆర్‌పీఎం. నాకు బాగా నచ్చింది సాఫ్ట్ స్టార్ట్: ట్రిగ్గర్ నొక్కగానే ఎగరదు, మెల్లగా అందుకుంటుంది, కాబట్టి ప్యాడ్ మీది కాంపౌండ్ (అరగదీసే పేస్టు) గోడల మీదా మన మొహం మీదా చిందదు. కాస్త బరువేసి నొక్కినా స్పీడు పడిపోదు. ఆ బరువు బానెట్ మీద మనకే కలిసొస్తుంది, డోర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం భుజాలు లాగేస్తాయి.

అయితే ఇది డ్యూయల్ యాక్షన్ మెషీన్ కాదు. అది తిరుగుతూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే చాలావాటిలో తిరగడం ఆగిపోతుంది. ఇది ఒకే ఇరుసు మీద తిరుగుతూనే ఉంటుంది, అందుకే కోత ఎక్కువ, వేడి కూడా ఎక్కువే. మామూలుగా కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒకటో ఒకటిన్నరో జిరాక్స్ పేపర్ల మందం. అందులో క్లియర్ కోట్ 40, 50 ఉంటుందేమో. అంచుల దగ్గర ఇంకా పల్చన. అందుకే అంచులకి మాస్కింగ్ టేప్ వేయకుండా మెషీన్ ఆన్ చేయకండి. బంపర్ల దగ్గర ఇంకా జాగ్రత్త, ప్లాస్టిక్ వేడిని బయటికి లాగదు, కాబట్టి అక్కడ పెయింట్ తొందరగా కాలుతుంది.

నేను చేసే పద్ధతి: ముందు కడిగి, క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద) పట్టించి, బానెట్ మీద ఓ మూల రెండడుగుల చదరంలో ట్రయల్. కాంపౌండ్ నాలుగైదు చుక్కలు, 600లో పరిచి, 1200 నుంచి 1500 మధ్య నడిపిస్తాను, అంతకు మించి ఎప్పుడూ అవసరం పడలేదు. ప్యాడ్ ఒకేచోట నిలవకూడదు, మధ్యమధ్యలో చేత్తో ముట్టుకుని వేడి చూసుకోవాలి. తర్వాత ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లు కొట్టి తుడిచి టార్చ్ వేసి చూడాలి, లేకపోతే కాంపౌండ్ నూనెలు గీతల్ని దాచేసి మనల్నే మోసం చేస్తాయి. మన ఎండాకాలంలో ఆరుబయట ఈ పని వద్దు, కాంపౌండ్ నిమిషాల్లో ఎండిపోతుంది.

ఊలు ప్యాడ్‌తో స్విర్ల్స్ గబగబా పోతాయి, కానీ వాటి బదులు హోలోగ్రామ్స్ వస్తాయి, ఎండలో కారు చుట్టూ నడుస్తుంటే కదిలే నీడల్లా కనపడేవి. రోటరీ వాడితే ఇది మామూలే, మెషీన్‌ని తిట్టుకోకండి. మెత్తని ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్, తక్కువ స్పీడుతో ఇంకో రౌండ్ వేయాల్సిందే. ముదురు రంగుల మీద ఒక్కోసారి అదీ చాలదు, చివరి రౌండ్ డ్యూయల్ యాక్షన్‌తోనే.

ఇంట్లో ఒకే కారు, ఏడాదికోసారి పాలిష్ చాలనుకునేవాళ్లు దీని జోలికి పోకుండా డ్యూయల్ యాక్షన్ కొనుక్కోండి. లోతైన గీతలున్న పాత కార్ల మీద పనిచేసేవాళ్లు, స్క్రాప్ షాపులో పాత బానెట్ తెచ్చి చేయి తిప్పడం నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లు కొనొచ్చు. కొంటే ఐదంగుళాల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్‌ని అంటించే పళ్లెం) విడిగా తీసుకోండి, దాన్ని బిగించే స్పిండిల్ మర సైజు ఎం14, కాబట్టి ఆ సైజుది ఏ కంపెనీదైనా పడుతుంది, కారు అద్దాల మధ్య పిల్లర్ల దగ్గర, నంబర్ ప్లేట్ చుట్టూ పెద్ద ప్యాడ్ అసలు తిరగదు.