రెండు 3090లకి కోర్సెయిర్ హెచ్ఎక్స్1500ఐ: బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న ఎస్‌ఎంపీఎస్ ఎలా ఉంది

ముందే చెప్పేస్తున్నా, ఒకే కేబినెట్‌లో రెండు పెద్ద గ్రాఫిక్స్ కార్డులు పెట్టేవాళ్లకి కోర్సెయిర్ హెచ్ఎక్స్1500ఐ చాలా మంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంట్ ఇచ్చే పెట్టె). ఖరీదు గట్టిగానే ఉంటుంది, అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను.

నా సిస్టమ్‌లో రెండు ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు, ఒక రైజెన్ 9 5950ఎక్స్ ప్రాసెసర్ ఉన్నాయి. ఈ రోజుల్లో గేమింగ్‌కి రెండు కార్డులెందుకు అంటారు, నిజమే, ఎన్విడియా 2021 జనవరి నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఒకే గేమ్‌ని రెండు కార్డులూ కలిసి నడిపేందుకు ఇచ్చే సెట్టింగులు) ఇవ్వడం మానేసింది, చాలా గేమ్‌లు రెండో కార్డు జోలికే పోవు. నేను గేమ్‌ని ఒక కార్డు మీద నడిపి ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించే) పని రెండోదానికి అప్పజెప్తాను, రాత్రిళ్లు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెడితే రెండూ ఫుల్లుగా పనిచేస్తాయి. ఉత్త గేమింగే అయితే రెండు కార్డులు దండగ, ఆ డబ్బుతో ఒక మంచి కార్డు కొనుక్కోండి.

ఇక లెక్కకొద్దాం. కార్డు ఒక్కోటి 350 వాట్లు, రెండూ కలిపి 700. ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 142 దాకా లాగుతుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులకి ఇంకో 80 వేసుకుంటే 920 చిల్లర. "అలాగైతే 1000 వాట్లది సరిపోతుంది కదా సార్" అని ఎస్పీ రోడ్డులో ఏ షాపులో అడిగినా అదే మాట. తిరకాసంతా అక్కడే ఉంది. ఆ 350 అనేది సగటు మాత్రమే, 3090 కొన్ని మిల్లీసెకన్ల పాటు దానికంటే చాలా పైకి ఎగిరి మళ్లీ దిగుతుంది, రెండు కార్డులూ ఒకే క్షణంలో ఎగిరాయంటే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి టక్కున ఆగిపోతుంది. బ్లూ స్క్రీన్ ఉండదు, ఎర్రర్ ఉండదు, సిస్టమ్ ఆరిపోతుంది అంతే. పాపం జనం డ్రైవర్లు మార్చి, విండోస్ మళ్లీ వేసి, చివరికి కార్డు పోయిందనుకుంటారు. ఈ కుదుపుల గొడవ చూసే 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, రేటింగ్‌కి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని పెట్టారు. కాబట్టి మీరు ఏ కంపెనీది కొన్నా ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉందో లేదో చూసుకోండి.

నేను కొన్న షాపులో కౌంటర్ దగ్గర మదనపల్లి అబ్బాయి ఒకడున్నాడు, మనం తెలుగనగానే ఇంకాస్త ఓపిగ్గా చెప్పాడు. "బాక్స్ మీద నంబర్ వదిలేయన్నా, పక్కన స్టిక్కర్ చూడు" అని, పేరు లేని 1000 వాట్ల పెట్టె ఒకటి తిప్పి చూపించాడు. 12 వోల్టుల గడిలో 50 ఆంప్స్ అని ఉంది, అంటే 600 వాట్లు. కార్డులకీ ప్రాసెసర్‌కీ వెళ్లేది ఆ 12 వోల్టుల లైనే కాబట్టి మిగతా నంబర్లతో మనకి పని లేదు. హెచ్ఎక్స్1500ఐ స్టిక్కర్ మీద అదే గడిలో 125 ఆంప్స్ ఉంటుంది, గుణిస్తే 1500 వాట్లూ అక్కడే దొరుకుతాయి. ఆ కుర్రాడు చేసిన సాయానికి ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే.

కేబుళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 8 పిన్ కనెక్టర్ ఒక్కోదానికి 150 వాట్ల లెక్క, మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75. నా కార్డులకి రెండేసి 8 పిన్‌లు ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి మొత్తం 375, కార్డు తాగేదే 350, అంటే మిగులు పెద్దగా లేదు. ఒకే వైరుకి చివర రెండు కొండీలు వేలాడే కేబుల్ ఒకటి ఇస్తారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది గానీ 3090కి అది పెడితే దాదాపు 300 వాట్ల భారం ఆ ఒక్క వైరు మీదే పడుతుంది. నాలుగు కనెక్టర్లకి నాలుగు విడి కేబుళ్లు లాగండి, కేబినెట్ వెనక వైపు కాస్త చిందరవందరగా ఉన్నా పర్లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి అస్సలు వాడకండి, కార్డు వైపు చివర అన్నీ ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారుతుంది, తప్పు పిన్‌లోకి 12 వోల్టులు వెళ్తే డిస్కులూ బోర్డూ కాలిపోతాయి.

మన అద్దె ఇళ్ల గురించి కూడా చెప్పాలి. మారతహళ్లి, కుందలహళ్లి వైపు ఫ్లాట్లలో బెడ్‌రూమ్ సాకెట్లు ఎక్కువగా 6 ఆంప్స్‌వే, అంటే 230 వోల్టుల దగ్గర 1380 వాట్లు. నా సిస్టమ్ గోడ దగ్గర లాగేది సుమారు 1000, మానిటర్లు అదనం. హెచ్ఎక్స్1500ఐని పూర్తిగా వాడేస్తే 1600 దాటుతుంది, అది 6 ఆంప్స్ సాకెట్‌కి మించిన పని. అందుకే ఏసీ కోసం ఇచ్చిన 16 ఆంప్స్ పాయింట్‌కి నేరుగా పెట్టాను, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ లేదు. కేబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటే సాధారణంగా ఎర్తింగ్ లేనట్టే, ఎస్‌ఎంపీఎస్‌ని తిట్టుకోకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

బెస్కామ్ వాళ్లు కరెంట్ తీసినప్పుడు ఏంటి అంటారా? మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దాకానే, రెండు కార్డులు లోడ్‌లో ఉంటే చేతులెత్తేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ 900 వీఏ అయినా అంతే. ప్యూర్ సైన్ వేవ్‌ది, 2 కేవీఏ పైన ఉన్నది ఉంటేనే ధైర్యంగా పెట్టొచ్చు, దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే తప్పకుండా ఆ మోడ్‌లోనే ఉంచండి, లేకపోతే బ్యాటరీకి మారే ఆ క్షణంలోనే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

మిగతా విషయాలు గబగబా చెప్తాను. 140 ఎంఎం ఫ్యాన్, తక్కువ లోడ్‌లో అసలు తిరగదు, రెండర్‌లో తిరిగినా కార్డుల ఫ్యాన్ల మోతలో వినపడదు. కోర్సెయిర్ వాళ్ల ఐక్యూ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని వాట్లు లాగుతోందో కనిపిస్తుంది, మల్టీ రైల్ రక్షణ (ఒక్కో కేబుల్ లైనుకి విడిగా కరెంట్ హద్దు) కూడా అక్కడి నుంచే పెట్టుకోవచ్చు, నేనైతే పెట్టే ఉంచాను. మామూలు ఎస్‌ఎంపీఎస్ కంటే పొడవు ఎక్కువ, కేబినెట్‌లో చోటు కొలుచుకుని కొనండి. కార్డుల్ని 280 వాట్లకి పవర్ లిమిట్ చేసి నడిపే ఆలోచన ఉంటే ఇదే సిరీస్‌లో 1500 దాకా వెళ్లక్కర్లేదు, మంచి 1200 చాలు. వారంటీ పదేళ్లు, కాబట్టి జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, దాని మీద సీరియల్ నంబర్ రాయించుకుని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, కాగితం మీద ఇంకు పదేళ్లు నిలవదు.