కాలవ గట్టు మలుపులో గేరు: ఒక్కొక్కటిగా దించాలా, బ్రేక్ కొట్టి ఒకేసారి రెండులో వేయాలా?

కోనసీమలో ఘాట్ రోడ్లా ఏమన్నానా, గేరు తగ్గించడానికి ఇంత ఆలోచనెందుకు అంటారు గానీ, రావులపాలెంలో హైవే దిగి ఏదో ఒక కాలవ గట్టు రోడ్డు ఎక్కి చూడండి. మలుపు తిరగ్గానే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో కొబ్బరికాయల లారీ వస్తుంటుంది, 60లో ఉన్న బండి 20కి రావాలి.

మా బాబాయి అయితే పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసేస్తాడు. కార్బురేటర్ రోజుల లెక్క అది. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్‌కి పెట్రోలే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఊరికే తిరగడానికి (ఐడ్లింగ్) కాలుతూనే ఉంటుంది. పైగా పట్టు బ్రేకుల మీదే. దాన్ని పక్కన పెట్టేయండి.

నాకు డ్రైవింగ్ నేర్పినాయన నాలుగు, మూడు, రెండు అని వరసగా దించమనేవాడు. ఇంజిన్ బండిని పట్టుకుంటుంది, నిజమే. కానీ మలుపులో రెండుసార్లు క్లచ్, రెండుసార్లు స్టీరింగ్ మీంచి చెయ్యి తీయడం, అన్నిటికీ మించి బ్రేక్ తొక్కకపోతే వెనక లైటు వెలగదు, వెనకే అంటుకుని వచ్చే బైకువాడికి మనం ఆగుతున్నామని ఎలా తెలుస్తుంది?

నా ఓటు బ్రేక్‌కే. నాలుగులోనే బ్రేక్ వేసి, ఇంజిన్ వణకబోయే ముందు క్లచ్ తొక్కి నేరుగా రెండు. స్పీడు తగ్గాకే సుమా! చిన్న కార్లలో మూడులో 2,000 ఉన్న ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) అదే స్పీడులో రెండుకొస్తే 3,000కి దగ్గరవుతుంది, అప్పుడు క్లచ్ గబుక్కున వదిలారా, ట్రాక్టర్ టైర్ల బురద పడిన తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారతాయి. మన కార్లు ఎక్కువగా ముందు చక్రాలు లాగేవే కాబట్టి స్టీరింగ్ కూడా మాట వినదు. క్లచ్ వదిలేముందు యాక్సిలరేటర్ కాస్త తాకిస్తే ఆ కుదుపు ఉండదు. ఖర్చు చూసినా బ్రేక్ ప్యాడ్లు చవక, క్లచ్ ప్లేటు కాదు.

ఒక్క చోట మాత్రం నా పద్ధతి పనికిరాదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు ఏటిగట్టు దిగకముందే ఒకటిలో వేసేసుకోవాలి, సగం వాలులో గేరు కోసం వెతుక్కుంటుంటే బండి క్లచ్ మీద జారుతూనే ఉంటుంది, ఎదురుగా వశిష్ఠ గోదారి.