కిటికీ అద్దాలు: నెలనెలానా, సీజన్‌కోసారా, పండక్కి మాత్రమేనా?

కొత్తగా ఫ్లాట్‌లో దిగినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. క్లీనింగ్ వాళ్లు నెలనెలా వస్తామంటున్నారు, ఇంట్లో పెద్దవాళ్లేమో సంక్రాంతికి దులుపుకుంటే చాలంటున్నారు, ఏది మేలు? హైదరాబాద్‌లో మామూలు ఫ్లాట్‌కైతే అద్దాల బయటివైపు ఏడాదికి మూడుసార్లు కడిగిస్తే చాలని నా అభిప్రాయం. లోపలివైపు ఎలాగూ వేళ్ల మచ్చలు కనిపించినప్పుడల్లా తడిగుడ్డతో తుడుస్తాం. నెలనెలా బయట కడిగించడం చాలా ఇళ్లకి అనవసరం, కొన్ని ఇళ్లకి నష్టం కూడా.

నష్టం నీళ్ల వల్ల. ఎన్నిసార్లు అని అందరూ అడుగుతారు గానీ ఏ నీళ్లతో అని ఎవరూ అడగరు, తేడా అంతా అక్కడే ఉంది. మన బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్లలో వచ్చే నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లే, కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. అవి అద్దం మీద చల్లాక తుడిచేలోపే ఎండకి ఆరిపోయాయంటే తెల్లటి మచ్చ మిగులుతుంది. కొత్త మచ్చ వెనిగర్ కలిపిన నీళ్లకి పోతుంది (కిటికీ గడపకి మార్బుల్ వేసి ఉంటే దాని మీద పడనీయకండి, మార్బుల్‌ని వెనిగర్ తినేస్తుంది). మచ్చ మీద మచ్చ పడుతూ ఏళ్లు గడిస్తే మాత్రం అద్దానికే పట్టేస్తుంది, ఇక పాలిష్ పట్టించాలి, లేదంటే అద్దమే మార్చాలి. బాత్రూంలో షవర్ దగ్గరి అద్దం చూడండి, ఇంట్లో రోజూ తడిసేది అదే, ముందు మసకబారేదీ అదే.

కాబట్టి బోరు నీళ్లు తప్ప వేరే దారి లేకపోతే పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ కడిగించండి, వైపర్‌తో లాగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. కుళాయిలో మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇల్లైతే అవే వాడండి. ఆర్‌వో నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి అద్దాలకి వాడేవాళ్లున్నారు, దయచేసి వద్దు, ఫిల్టర్ వదిలించుకున్న లవణాలన్నీ చేరేది అందులోనే. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మాత్రం బకెట్‌లో పట్టి పెట్టుకోండి, గాలిలో తేమ నీరైందే కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు, చివరిసారి తుడవడానికి అంతకంటే మంచివి దొరకవు.

ఇక ఆ మూడుసార్లు ఎప్పుడెప్పుడంటే, మొదటిది మే చివర్లో, వానలకి ముందు. అన్నిటిలో ఇదే ముఖ్యం, అదీ అద్దం కోసం కాదు. స్లైడింగ్ కిటికీ ట్రాక్‌లో నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, ఎండాకాలం దుమ్ముతో అవి పూడిపోతే జోరువానకి ట్రాక్ నిండి నీళ్లు గదిలోకి వస్తాయి. దోమల మెష్ కూడా అప్పుడే తీసి కడిగేయాలి, మెష్ మీద దుమ్ముంటే వాన జల్లు దాన్నంతా తెచ్చి అద్దం మీద చారలు కడుతుంది. రెండోది అక్టోబరులో, వానలు వెనక్కి తగ్గాక. మూడోది సంక్రాంతికి ముందు. ఒక్క సంక్రాంతికే కడిగితే చాలదా అంటే, బాల్కనీ లోపలికి ఉండి వాన తగలని అద్దాలకి చాలు, మిగతావాటికి చాలదు.

నెలనెలా కడిగించాల్సిన ఇళ్లూ ఉన్నాయి. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉంటే ఉప్పుగాలి అద్దాన్నే కాదు, అల్యూమినియం ఫ్రేమునీ రోలర్లనీ తినేస్తుంది, అక్కడ మంచినీళ్లతో నెలకోసారి కడగడం తప్పదు. పక్కన బిల్డింగ్ కడుతుంటే నెలదాకా కూడా ఆగకండి, సిమెంటు దుమ్ముకి మంచు తగిలి గట్టిపడిందంటే గీస్తే తప్ప రాదు, గీస్తే అద్దం పాడు. దాన్ని ముందు నీళ్లు ధారగా పోసి వదిలించి, తర్వాతే గుడ్డ పెట్టాలి. వంటింటి కిటికీకి నూనె జిడ్డు కాబట్టి వారానికోసారి.

షాపులకి ఈ లెక్కలేవీ పనికిరావు. మెయిన్ రోడ్డు మీద షాపు ముందు అద్దం రోజూ తుడవాల్సిందే, బోర్డుకి పెట్టిన ఖర్చంతా ఆ దుమ్ము వెనక దాగిపోతుంది. అద్దాల ఆఫీసు బిల్డింగులకి ఏడాదికి రెండుసార్లు మామూలే, దుమ్ము ఎక్కువైతే మూడు.

ఎన్నిసార్లు చేయించినా, పై అంతస్తుల్లో బయటివైపు తుడవడానికి ఇంట్లో పనిచేసే ఆమెని సజ్జా మీదికి ఎక్కించకండి. తాళ్లతో దిగే మనుషులు వస్తే, ఒక్కొక్కరికి పనితాడుతో పాటు విడిగా కట్టిన సేఫ్టీ తాడు ఉందో లేదో మేడ మీదికి వెళ్లి చూడండి. లేకపోతే ఆ రోజు పని ఆపించేయండి.