ఏడు వందలకు ఏడాదంతా అన్ని ఓటీటీలు అంటే డబ్బులు కట్టకండి, నేను కట్టి మోసపోయాను

నల్గొండ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముఖ్యంగా చదవండి. "ఏడు వందలకే ఐదు ఓటీటీలు, ఏడాది గ్యారంటీ" అని వాట్సాప్ స్టేటస్‌లు తిరుగుతున్నాయి కదా, వాటిని నమ్మకండి. నేను నమ్మాను. సరిగ్గా 23 రోజులు నడిచింది.

దసరాకు మా అమ్మ పుట్టపాక నుంచి వచ్చింది. భుజం నొప్పి, మోకాళ్ల నొప్పులు, బయటికి తిరగలేదు, పొద్దంతా టీవీ ముందే. కేబుల్ సీరియళ్లతో విసిగిపోయింది, మంచి సినిమాలు పెట్టు బిడ్డా అంది. ఫోన్‌కు గ్లాస్ వేయించుకుందామని టౌన్‌లో ఒక చిన్న షాపుకు పోతే (పేరు రాయను) అక్కడి అబ్బాయే చెప్పాడు, అన్నీ విడివిడిగా తీసుకుంటే వేలల్లో అవుతుంది అక్కా, నా దగ్గరైతే ఏడు వందలే అని. అతని సొంత నంబర్‌కే ఫోన్‌పే చేశాను. బిల్లు అడగలేదు. అప్పుడే అడిగి ఉండాల్సింది.

ఇంటికి వచ్చాక మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ పంపాడు. టీవీలో కొట్టి చూస్తే అప్పటికే ఐదు ప్రొఫైళ్లు ఉన్నాయి, ఎవరివో పేర్లు, ఎవరెవరివో ఫొటోలు. అందులో ఒకటి మాది అన్నాడు. దాన్ని తెరిస్తే ఎవరో సగం చూసి వదిలేసిన సినిమాలు వరుసగా ఉన్నాయి, అందులో కొన్ని పిల్లలు చూడకూడనివి. మా బాబుకు తొమ్మిదేళ్లు. రిమోట్ వాడి చేతిలోనే ఉండె. నాకు గుండె దడదడలాడింది.

అయినా మొదటి మూడు వారాలు బాగానే చూశాం, అది కూడా చెప్పాలి. బలగం సినిమా మళ్లీ చూశాం. నల్లిబొక్క దగ్గర బావకు బావమరిదికి పడ్డ పంచాయితీ చూసి అమ్మ నవ్వి నవ్వి, చివరికి చనిపోయిన తాతకు పెట్టింది పిట్ట ముట్టని దగ్గర ఏడ్చింది. మా తాత దినాలప్పుడు కూడా ఇట్లనే కాకి రాక అందరం ఎండలో నిలబడ్డాం, అందుకే ఆ సినిమా మాకు సినిమాలా అనిపించదు. ఒక క్రైమ్ సిరీస్ కూడా చూశాం, ఎనిమిది భాగాలు, నాలుగింటిలో చెప్పే కథను సాగదీశారు, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆ తర్వాత మల్లేశం పెట్టాను. చింతకింది మల్లేశం గారు మా ఉమ్మడి నల్గొండ మనిషి, ఆలేరు దగ్గర శారాజీపేట, ఆసు యంత్రం కనిపెట్టినందుకు 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమా 2019లో వచ్చింది, ప్రియదర్శి వేశాడు, తల్లి పాత్ర ఝాన్సీది. ఆసు అంటే తెలియని వాళ్లకు చెప్తున్నా, చీర నేసే ముందు దారం సిద్ధం చేసే పని అది, ఒక చీరకు మేకుల చుట్టూ దారం పట్టుకుని చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, గంటలు పట్టే పని. మా అమ్మ పెళ్లైన కొత్తలో అదే పని చేసింది. ఝాన్సీ ఆసు పోస్తుంటే అమ్మ ఏమీ మాట్లాడలేదు, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని అట్లనే చూస్తూ కూర్చుంది.

అక్కడే ఆగిపోయింది. ఈ అకౌంట్‌ను ఎక్కువ మంది వాడుతున్నారని తెర మీద వచ్చింది. మళ్లీ పెట్టినా అదే. ఒక అకౌంట్‌కు రెండో నాలుగో స్క్రీన్లు మాత్రమే ఉంటాయి, వీళ్లు దాన్నే ఇరవై మందికి, ముప్పై మందికి అమ్ముకుంటారు, అందరూ రాత్రి తొమ్మిదికే కూర్చుంటే నడుస్తుందా? పాస్‌వర్డ్ మారిస్తే పోయింది, అసలు అకౌంట్ ఎవరిదో వాళ్లు ఆపేస్తే పోయింది. మన పేరు మీద ఏమీ లేదు కాబట్టి ఆ కంపెనీకి ఫోన్ చేసి అడిగే హక్కు కూడా మనకు ఉండదు.

ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే "టెన్షన్ పడకు అక్కా, రేపు పొద్దుగాల్ల చేస్తా" అన్నాడు. రెండు రోజులు అదే మాట. మూడో రోజు వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపాడు, ఇది ఇన్‌స్టాల్ చేసుకో, అన్ని ఓటీటీలు ఇందులోనే వస్తాయని. చివర ఏపీకే అని ఉంది, అంటే ప్లేస్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైల్. నొక్కగానే ఇది ప్రమాదం కావచ్చని ఫోనే హెచ్చరించింది, తర్వాత మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది. సినిమా చూపించే యాప్‌కు నా మెసేజ్‌లతో ఏం పని? మా మరిది పక్కనే ఉన్నాడు, ఫోన్ గుంజుకుని ఆపేశాడు. దానికి అనుమతి ఇస్తే బ్యాంకు ఓటీపీలు అవతలివాడికి కనబడతాయి, ఖాతా ఖాళీ అవుతుంది అన్నాడు. పోయిన ఏడు వందల కంటే ఈ ఫైల్ గురించి చెప్పాలనే ఇంత రాస్తున్నాను. ఆ అబ్బాయి తెలిసే పంపాడో, అతనికి ఇంకెవరో ఇచ్చారో నాకు తెలియదు, కానీ ఎవరు పంపినా ప్లేస్టోర్ బయటి ఫైల్ వేసుకోకండి. ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే నెట్ ఆపేయండి, యాప్ తీసేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను, చెల్లింపు స్క్రీన్‌షాట్, చాటింగ్ అన్నీ జతచేశాను.

తర్వాత అసలు యాప్‌లోకే పోయి నా నంబర్ మీద ఒక నెలకు మాత్రమే తీసుకున్నాను. మీ రీచార్జ్ ప్లాన్‌లో ఏదైనా ఓటీటీ ఉందేమో ముందు చూసుకోండి, చాలా మందికి ఉండి కూడా తెలియదు. ఆపిన దగ్గర నుంచి మల్లేశం పెట్టాను. యంత్రం తిరిగినప్పుడు అమ్మ లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడింది. "ఇది ముందే వచ్చుంటే నా భుజం ఇట్ల అయ్యేదా బిడ్డా" అంది.

ఆ నంబర్ స్టేటస్ నిన్న కూడా చూశాను. ఇప్పుడు ఆరు వందలేనట, ఆఫర్ అట. మీలో ఎవరైనా కట్టి ఉంటే చాట్ తుడిపేయకండి, ఫిర్యాదుకు అదే సాక్ష్యం.